నల్లచేతుల వరస

"నీ ఓటు పడిపోయిందమ్మా, పక్కకు జరుగు" అన్నాడు బల్ల వెనక ఆఫీసరు. అంటూ చిన్నకోడలి ఎడమచేతి చూపుడువేలిని కలం మూతతో ఎత్తి చూశాడు, ముట్టుకుంటే తనకెక్కడ అంటుకుంటుందో అన్నట్టు.

తాను వెయ్యలేదని చెప్పిందామె. అది ఓటు సిరా కాదు, బట్టల అద్దకం రంగు అని చెప్పింది. రెండు చేతులూ మోచేతుల దాకా చాపింది. ఒక్క ఓటుకు ఇంత సిరా పూస్తారా అని అడిగితే వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. జాబితాలో తన పేరు పక్కన గుర్తు పడిందేమో చూడమని బతిమాలింది. ఆఫీసరు కాగితం తిప్పలేదు. గోరు నల్లగా ఉంటే ఓటు పడినట్టే, తనకు తెలిసింది అంతే అన్నాడు. కిటికీ పక్క కుర్చీలో అద్దకం కంట్రాక్టరు మనిషి కాలు మీద కాలేసుకుని తన శుభ్రమైన గోళ్ళు చూసుకుంటున్నాడు.

ఆమె వెనక అద్దకం షెడ్డు మొత్తం నిలబడి ఉంది. అందరి గోళ్ళూ నలుపే. ఒకరి వెనక ఒకరిని బడి మెట్లు దింపేశారు.

ఇది పొరపాటున జరిగింది కాదు. ఈసారి వార్డుకు నల్లమ్మ నిలబడింది. తొట్ల దగ్గర తల నెరిసిన మనిషి. గెలిస్తే రంగునీళ్ళ కాలవకు మూత వేయిస్తానంది. ఆ కాలవ చిన్నకోడలి గడప ముందు నుంచే పోతుంది. ఆమె కూతురు ఈమధ్యే పాకడం మొదలుపెట్టింది. షెడ్డులో బట్ట పిండుతున్నా ఆమె మనసు ఆ కాలవ గట్టునే ఉంటుంది. నల్లమ్మకు ఎదురు నిలబడినవాడు కంట్రాక్టరు బావమరిది. అందుకని కంట్రాక్టరు పొద్దున్నే అర్జంటు సరుకంటూ అద్దకం వాళ్ళను మాత్రం పనికి పిలిచాడు. ఒక్క తొట్టి ముగించి వెళ్ళి ఓటేసుకోండన్నాడు. ఆ తొట్టి నలుపు. చేతితొడుగులు అడిగితే, రాలేదన్నాడు. పై అంతస్తులో ప్యాకింగు వాళ్ళకేమో రోజంతా సెలవు.

ఆ ప్యాకింగులోనే పెద్దకోడలి పని.

చిన్నకోడలికి తోడికోడలంటే కడుపుమంట ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. ఆవిడకు ఫ్యాను కింద కుర్చీ, తనకు ఆవిరి. ఆవిడ చేతులు అప్పుడే మడత విప్పిన బట్టలా ఉంటాయి. అత్త మంచినీళ్ళు పెద్దకోడల్నే అడుగుతుంది. అదంతా సర్దుకోవచ్చు. కానీ కన్నకూతురు తల్లి చేతుల ఘాటుకు మొహం తిప్పుకుని ఆవిడ చంకెక్కుతుంది. అక్కడే ఒళ్ళు మండిపోతుంది.

పొద్దున పనికి వెళ్తూ వీధంతా చూసింది. చాపలు పరిచారు, పెద్ద గిన్నెలు పొయ్యెక్కించారు, చుట్టాలొచ్చారు, పిల్లలకు తలలు దువ్వారు. ఇంటిల్లిపాదీ ఉతికిన బట్టలు కట్టుకుని ఊరేగింపులా ఓటుకు బయల్దేరారు. ముందు అత్త, పక్కన పెద్దకోడలు, ఆవిడ చంకలో తన కూతురు. తనకది మొదటి ఓటు. ఆ వరసలో నడవాల్సింది తను. కళ్ళల్లో నిప్పులు పోసుకుని పక్కసందులోంచి షెడ్డుకు వెళ్ళిపోయింది.

ఇప్పుడు అదే షెడ్డులో అందరూ గోళ్ళు తోముతున్నారు. సున్నంతో, ఇసుకతో, బ్లీచింగుతో. చర్మం లేచింది గానీ నలుపు లేవలేదు. ఒకాయన పై ఆఫీసరు దగ్గరకు పోదామన్నాడు. ఆయనొచ్చేసరికి పెట్టెలకు సీలు పడుతుందని ఇంకొకాయన కసిరాడు. సాయంత్రమైతే అంతా అయిపోయినట్టేనని అందరికీ తెలుసు.

అంతలో పెద్దకోడలు అన్నం డబ్బా పట్టుకుని వచ్చింది. చంకలో పాప. జరిగింది ఆవిడకు తెలియదు. వీధిలో సందడి సగం అయిపోయిందని, తిని తొందరగా వెళ్ళి ఓటేసి రమ్మని చెప్పింది. డబ్బా మూత తీస్తుంటే సిరా చుక్క ఉన్న వేలు నిటారుగా నిలిచింది. పాప ఆ వేలిని పట్టుకుని ఆడుతోంది.

"ఆ వేలు అంత బాగుందా అక్కా?" అంది చిన్నకోడలు. పాపను లాగి నేల మీద కూర్చోబెట్టింది. ఆవిడ మణికట్టు పట్టుకుని నల్లతొట్టిలో ముంచేసింది. "ఇప్పుడు చూపించుకో వీధంతా."

పాప గుక్కపట్టింది. పెద్దకోడలు చెయ్యి బయటికి తీసి, కారుతున్న నలుపుకేసి అలాగే చూసింది. ఉతికిన చీర మీద మరకలు పడ్డాయి.

నల్లమ్మ లేచొచ్చి ఆ చేతిని వెలుగులోకి తిప్పింది. "ఇది ఓటేసిన వేలా, వెయ్యని వేలా? చెప్పండిరా."

నలుపులో కలిసిపోయిన సిరా చుక్క కోసం అందరూ వంగి వెతికారు. చిన్నకోడలు కూడా.

పెద్దకోడలికి అప్పుడు సంగతంతా చెప్పారు. విన్నాక, రెండో చేతిని తానే ముంచింది. "కింద మీరు పాటలు పాడుకుంటుంటే పైన మాకు వినబడేది" అంది తోడికోడలితో. "నోరిప్పితే కూలి కోసేవాళ్ళు మాకు. నేనూ కుళ్ళుకునేదాన్నే."

తర్వాత వీధిలోకెళ్ళి ప్యాకింగు ఆడవాళ్ళను గిన్నెల దగ్గర నుంచి లేపుకొచ్చింది. కొందరు చీరలు పాడవుతాయన్నారు. ఒకావిడ కుర్చీ పోతుందని భయపడి ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. మిగతావాళ్ళు వచ్చారు, చేతులు ముంచారు. అద్దకం వాళ్ళతో కలిసి బడి ముందు వరస కట్టారు.

ముందు పెద్దకోడలు నిలబడింది. "అయ్యా, మాలో ఓటేసినవాళ్ళున్నారు, వెయ్యనివాళ్ళున్నారు. వేలు చూసి చెప్పండి."

ఆఫీసరు ఒక చెయ్యి చూశాడు. ఇంకొకటి చూశాడు. కలం మూత బల్ల మీద పెట్టేశాడు. వరసంతా నవ్వింది. కంట్రాక్టరు మనిషి లేచి పోలీసుల చెవిలో ఏదో ఊదాడు. రెండో ఓటుకు వచ్చిందంటూ వాళ్ళు పెద్దకోడల్ని రెక్క పట్టి బండెక్కించారు. ఓటుకు రాలేదు, అడగడానికొచ్చానని ఆవిడ చెబుతూనే ఉంది.

జనం మెట్ల మీద కూర్చుండిపోయారు. లేవమంటే లేవలేదు. లాఠీ ఎత్తితే నల్లచేతులు ఎత్తారు. పేర్లు చూసేదాకా గదిలోకి ఎవరూ వెళ్ళరు, బండి కూడా కదలదు అంది నల్లమ్మ. చివరికి ఆఫీసరు కాగితాలు తెరిచి, ఒక్కొక్క పేరే చదవడం మొదలుపెట్టాడు.

చిన్నకోడలు ఓటేసింది. నలుపు మీద పూసిన సిరా ఆమెకే కనబడలేదు. బయటికొస్తే ఆమె కేసి చూసినవాళ్ళూ లేరు. అందరూ బండి చుట్టూ మూగి పెద్దకోడలి పేరున నినాదాలిస్తున్నారు. అత్త పాపను ఎత్తుకుని, మా పెద్దకోడలు, మా పెద్దకోడలు అని కనబడినవాళ్ళందరికీ చెబుతోంది.

మళ్ళీ ఒళ్ళు మండింది చిన్నకోడలికి. ఆ చెయ్యి ముంచింది ఎవరు? ఫ్యానూ ఆవిడకే, పాపా ఆవిడకే, ఆఖరికి జైలు కూడా ఆవిడకేనా?

అత్త దగ్గరకు వెళ్ళి పాప తల నిమిరింది. పాలు ఎప్పుడు పట్టాలో చెప్పింది. కాలవ వైపు వదలొద్దంది. రెండడుగులు వేసి వెనక్కొచ్చి కాలవ సంగతి మళ్ళీ చెప్పింది. తర్వాత జనాన్ని తోసుకుంటూ వెళ్ళి బండెక్కింది.

నిన్నెవరు రమ్మన్నారని కానిస్టేబులు గదమాయించాడు.

"ఆమె చెయ్యి తొట్టిలో ముంచింది నేను. తప్పేదైనా ఉంటే అది నాది, రాసుకోండి" అంది. తోడికోడలి వైపు తిరిగి, "జరుగక్కా" అంది.

"ఇక్కడా నాతో పోటీయేనా" అంటూ పెద్దకోడలు జరిగింది.

వెనకే అద్దకం వాళ్ళలో ఇద్దరు ఎక్కారు. చీర పాడవుతుందన్న ప్యాకింగు పిల్ల ఎక్కింది. బండి ఒక పక్కకు ఒరిగింది. కానిస్టేబులు తలుపు వెయ్యబోతే ఇంకో నల్లచెయ్యి అడ్డొచ్చింది. చోటు లేదని అరిచాడతను.

"ఇంకో బండి తెప్పించు బాబూ" అంది కింద నుంచి నల్లమ్మ, నింపాదిగా. "మేమింకా చాలామందిమి ఉన్నాం."