దూది తెచ్చిన మార్కులు

డ్రైవింగ్ స్కూలు కార్లో, నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు వెళ్లి గోడని గుద్దబోతే పక్కసీట్లోంచి నొక్కడానికన్నమాట. ఈ కథలో ఆవిడ ఆ బ్రేకు మీద కాలేసుకునే సగం జీవితం గడిపింది. అవసరమైనప్పుడు నొక్కింది, అవసరం లేనప్పుడు మరీ గట్టిగా నొక్కింది. ఆవిడ దగ్గర బండి నేర్చుకున్నవాళ్లంతా ఆవిణ్ణి బ్రేకు మేడమ్ అంటారు. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

అలాంటి మనిషి, జుట్టు నెరిశాక, సంచీ భుజాన తగిలించుకుని యూనివర్సిటీలో కోచింగ్ సైకాలజీ పీజీలో చేరింది. "బ్యాంకు పరీక్షలకా అండీ, ఇంజనీరింగ్ సీటుకా మీ కోచింగు?" అని ఎదురింటావిడ ఆరా తీసింది. రెండిటికీ కాదు. ఎదుటి మనిషికి సలహా చెప్పకుండా, నాలుగు ప్రశ్నలు అడిగి, తన దారి తనే వెతుక్కునేలా చెయ్యడం ఆ చదువు. సలహా చెప్పకుండా ఉండటం తన భార్య ఫీజు కట్టి మరీ నేర్చుకోబోతోందని విని బ్రేకు మేడమ్ మొగుడికి పొలమారింది.

రిటైరయ్యాక ఏదో ఒక వ్యాపకం ఉండాలిగా అని డ్రైవింగ్ స్కూల్లో చెప్పుకుంది. అసలు సంగతి వేరు. వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న కూతురు ఏడాదిగా తల్లితో మాట్లాడటం మానేసింది. పోట్లాటేం లేదు. ఫోన్ చేస్తుంది, "బాగున్నావా అమ్మా" అంటుంది, "నాన్నకివ్వు" అంటుంది. ఆ తర్వాత తండ్రీకూతుళ్లకి కబుర్లే కబుర్లు. బ్రేకు మేడమ్ వంటింట్లో గిన్నెలు చప్పుడవకుండా సర్దుతూ చెవులు రిక్కించేది. "అవునా తల్లీ", "పోన్లే తల్లీ" తప్ప ఇంకేం వినపడేది కాదు. ఆ పిల్ల మళ్లీ తనతో మాట్లాడాలి. ఆవిడకి కావలసింది అదొక్కటే. డిగ్రీ వస్తే గోడకి తగిలిస్తుంది, లేకపోతే లేదు.

నేర్చుకున్న విద్య ముందు మొగుడి మీద ప్రయోగించింది.

"కూరలో ఉప్పు తక్కువైందోయ్."

"తక్కువవడం మీకేం చెబుతోందండీ?"

"ఉప్పు వెయ్యమని చెబుతోంది."

తర్వాత కూతురి వంతు. "ఈ వారంలో నీకు అర్థవంతంగా అనిపించిన క్షణం ఏది తల్లీ?" అని అడిగింది. "అమ్మా, పక్కన ఎవరైనా కూర్చుని చెప్పిస్తున్నారా? నాన్నకివ్వు."

పరీక్షలో గట్టెక్కాలంటే ఒక నిజమైన క్లయింటుతో కూర్చుని, ఆ సంభాషణ రికార్డు చేసి ఇవ్వాలి. లైబ్రరీలో పుస్తకాలిచ్చే అమ్మాయి సరేనంది. ప్రమోషన్ పరీక్ష రాయాలా వద్దా అని ఊగిసలాడుతున్నానంది. బ్రేకు మేడమ్ రాసి తీరాలంది. పొద్దున్నే ఎన్నింటికి లేవాలో చెప్పింది, వారం మొత్తానికి టైంటేబుల్ వేసింది, కళ్లజోడు మార్చుకోమంది, పనిలో పనిగా జుట్టు రాలుతోంది కాబట్టి రక్తపరీక్ష చేయించుకోమంది.

అదంతా ప్రొఫెసరు విన్నాడు. స్టూడెంట్లు ఆయనకి పెట్టిన పేరు మౌనస్వామి. "ఊఁ" అన్నందుకే ఆయనకి జీతమిస్తారని చెప్పుకుంటారు. ఆ రోజు మాత్రం ఆయన నోరు విప్పాడు. "ఇందులో క్లయింటు ఎవరమ్మా? ఆ అమ్మాయి దగ్గు తప్ప నాకేం వినపడలేదు. ఇంకొక్క అవకాశం ఉంది. అదీ పోతే మీరు ఇంటికే."

ఆ రెండో రికార్డింగు పెట్టుకున్న రోజే దవడ పన్ను సలుపెత్తి ఆవిడ ప్రాణం తోడేసింది. డాక్టరు దాన్ని పీకేసి, సందులో దూది కుక్కి, "గట్టిగా కరిచి పట్టుకోండి. నోరు తెరిచారంటే రక్తం ఆగదు" అని బెదిరించాడు. మర్నాటితో గడువు ఆఖరు. లైబ్రరీ అమ్మాయేమో సాయంత్రం బండికి ఊరెళ్లిపోతోంది. చేసేదేముంది, వాచిన బుగ్గతోనే వెళ్లి కూర్చుంది. బుగ్గ చూపించి, నువ్వు చెప్పు అని సైగ చేసి, రికార్డరు నొక్కింది.

అమ్మాయి పరీక్ష గురించి కాసేపు నసిగింది, కాసేపు నీళ్లు నమిలింది. దూది పక్కన బ్రేకు మేడమ్ నాలుక గిలగిల్లాడిపోయింది. ఎంత పెనుగులాడినా ఒక్క మాటే బయటికొచ్చింది: "ఇంకా?"

ఫ్యాను తిరిగింది. పక్కగదిలో ఎవరో కుర్చీ ఈడ్చారు.

"నిజం చెప్పాలంటే ఆంటీ, మీ దగ్గరికి మొదటిసారి వచ్చేటప్పటికే ఆ పరీక్ష రాసేశాను. తప్పాను. అమ్మకి చెప్పలేదు."

బల్ల కింద బ్రేకు మేడమ్ కుడికాలు నేలని నొక్కేసింది. తల్లి దగ్గర దాపరికమేమిటే, తక్షణం ఫోన్ చెయ్యి, అనబోయింది. "మ్మ్" అని మాత్రం వినపడింది.

"చెబితే అది నా బాధ కాకుండా పోతుందాంటీ. అమ్మ లాగేసుకుంటుంది. నేను తీరిగ్గా ఏడవనైనా ఏడవకముందే పై ఏడాదికి టైంటేబుల్ వేసేస్తుంది. మొన్న మీరూ వేశారుగా." అమ్మాయి ముక్కు తుడుచుకుంది. "అమ్మ చెడ్డదేం కాదు. చెప్పేవన్నీ కరెక్టే. అందుకే ఒళ్లు మండుతుంది."

బ్రేకు మేడమ్ కదల్లేదు. అమ్మాయి చేతిలో కర్చీఫ్ మడిచి, విప్పి, మళ్లీ మడిచింది.

"అమ్మా, పరీక్ష తప్పాను, ఇవాళ్టికి మాత్రం నాకేం చెప్పకు... ఇలా అనొచ్చు కదా? అంటాను. ఊరెళ్తున్నాగా, ఇదే అంటాను." అని తలెత్తి చూసింది. "అయ్యో, బాగా నొప్పిగా ఉందా ఆంటీ? కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి."

బ్రేకు మేడమ్ అవునన్నట్టు తలూపింది.

వారం తిరిగేసరికి మౌనస్వామి ఆ రికార్డింగుని ఆకాశానికెత్తేశాడు. "ఇంత నిండైన నిశ్శబ్దం ఈ డిపార్ట్‌మెంట్లో నేనెన్నడూ వినలేదు" అని రాశాడు. జూనియర్లకి పాఠంగా వినిపిస్తానన్నాడు. తోటి స్టూడెంట్లు ఆవిడ చుట్టూ మూగి ఎలా సాధించారని అడిగారు. "లోపలంతా ఖాళీ అయిపోవాలమ్మా" అని ఆవిడ కళ్లు అరమోడ్చి చెప్పింది. ఖాళీ అయింది దవడలో అని చెప్పలేదు. ఆ నాలుగు రోజులూ ఆవిడ నేల మీద నడవలేదు.

ఆఖర్న వైవా వచ్చింది. బయటి యూనివర్సిటీ నుంచి పరీక్షించడానికి పొట్టిజుట్టు పెద్దావిడ వచ్చి, రికార్డింగు పెట్టించి, సరిగ్గా "ఇంకా?" తర్వాత ఆపించింది. "ఇక్కడ మీరు ఏమీ అనలేదు. ఆ క్షణంలో మీ మనసులో ఏముంది?"

జవాబు నోటి చివర సిద్ధంగా ఉంది. ఖాళీ, సాన్నిధ్యం, నమ్మకం, అన్నీ వరసగా బట్టీ పట్టుకొచ్చింది. కానీ ఆ పిల్ల గొంతు వినేసరికి ఆవిడకి సిగ్గేసింది. కన్నకూతురు ఏడాదిగా మింగేస్తున్న మాట పరాయిపిల్ల నోట విని, దాంతో తను మార్కులు కొట్టేసింది. గొప్పలు చెప్పుకోబుద్ధి కాలేదు.

"మనసులో సంగతి తర్వాత మేడమ్. నోట్లో దూది ఉంది" అంది.

"ఏముందీ?"

"దూది. ఆ పొద్దునే పన్ను పీకించుకున్నాను. నోరు ఆడి ఉంటే ఆ అమ్మాయిని ఆ మాట చెప్పనిచ్చేదాన్ని కాదు."

పెద్దావిడ పెన్ను కింద పెట్టేసి, పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. మౌనస్వామి "ఊఁ" అనబోయి దగ్గులో పడ్డాడు. నవ్వడం అయ్యాక పెద్దావిడ, "పాస్ చేస్తాను. ఆ అమ్మాయికి మేలు జరిగిందిగా. జూనియర్లకి మాత్రం వినిపించకండి, అందరూ పళ్లు పీకించుకుంటారు" అని మార్కులు బాగా తగ్గించి సంతకం పెట్టింది.

ఇంటికొచ్చేసరికి మొగుడు స్నానాల గదిలో ఉన్నాడు. బల్ల మీద ఆయన ఫోన్ మోగుతోంటే ఈవిడే ఎత్తింది. కూతురు.

"నాన్నేడీ?"

"స్నానం చేస్తున్నారే." కూతురి గొంతు తేడాగా ఉంది. ఏడ్చిన గొంతు. ఏమైందే, తిన్నావా, ఎవరేమన్నారు, అన్నీ ఒక్కసారిగా తోసుకొచ్చాయి. ఇప్పుడు ఆపడానికి నోట్లో ఏమీ లేదు. పళ్లు బిగించి పట్టుకుంది.

"ఏం లేదులే అమ్మా. ఊరికే చేశాను."

"సరే."

ఆ రెండక్షరాలూ అనడానికి ఆవిడకి చెమటలు పట్టాయి. కూతురు ఫోన్ పెట్టెయ్యలేదు. ఈవిడా పెట్టెయ్యలేదు. అవతల ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినపడింది, దాన్నీ విననట్టే ఊరుకుంది.

"లైన్లో ఉన్నావా?"

"ఉన్నానే."

"ఏమీ అనవేం?"

"ఏమనాలో తెలియట్లేదే" అంది. అది నిజం. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఆ మాట అనడం అదే మొదలు.

స్నానాల గది తలుపు తెరుచుకుంది. మొగుడు తువ్వాలుతో, తడి తలతో వచ్చి, అలవాటుగా ఫోన్ కోసం చెయ్యి చాపాడు.

"నాన్నొచ్చారు, ఇస్తున్నా" అంది ఆవిడ.

"వద్దు" అంది కూతురు. "కాసేపు నువ్వే ఉండు."

బ్రేకు మేడమ్ మొగుడికి వీపు తిప్పేసి, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, అక్కడే నేల మీద కూర్చుంది.