నాలుగు వందల పదిహేడో బిళ్ళ

రఘుపతి మూడో బిళ్ళను కింది వరస మేకుకు తగిలించి, ఊగడం ఆగేదాకా వేలితో పట్టుకున్నాడు. తర్వాత నాలుగోది, ఐదోది. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నర, గనులకు సెలవు. గోదావరిఖని ఏరియా ఆఫీసులో వాచ్‌మన్‌ను వదిలేస్తే ఇద్దరే ఉన్నారు, రఘుపతీ రాజకుమారీ.

బిళ్ళలు ఇత్తడివి, మూసేసిన ఒక గని ల్యాంప్ రూమ్‌లోవి. గనిలోకి దిగేవాడు తన నంబరు బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. మేకుకు బిళ్ళ ఉన్నంతసేపు మనిషి లోపల ఉన్నట్టు లెక్క. రఘుపతి గోడకు రెండు వరసల మేకులున్న పలక కొట్టి, ఆ పద్ధతినే సర్వర్ గదికి తెచ్చాడు. ఆ సర్వర్ మీద నడిచేవి ఐదు: హాజరు, షిఫ్టు పట్టిక, దవాఖాన చీటీలు, క్వార్టర్ల అర్జీలు, నోటీసులు. ఏది ఆపితే దాని బిళ్ళ కింది వరసకు దిగాలి. మళ్లీ నడిపించి కళ్లతో చూసుకున్నాకే పై వరసకు ఎక్కాలి. ఆ పలకను చూసి నవ్విన ఇంజనీర్లు నలుగురు బదిలీ అయి వెళ్లారు. పలక గోడకే ఉంది.

ఐదూ అయ్యాక జేబులోంచి ఇంకో బిళ్ళ తీసి ఆరో మేకుకు తగిలించాడు. 417.

“గదేంది కాక, కొత్తగ?”

“నాది. పనయ్యేదాక నేను గూడ లోపల్నే.”

పన్నెండేళ్లు గనిలో పట్టాల మీద బొగ్గు టబ్బులు తోశాడు రఘుపతి. ఒకనాడు టబ్బు పట్టా తప్పి ఎడమ కాలి మీదికొచ్చింది. స్ట్రెచర్ మీద పైకి తెచ్చి అటు నుంచి అటే దవాఖానకు తీసుకెళ్లారు. నాలుగు నెలల తర్వాత కర్ర ఊతంతో ల్యాంప్ రూమ్‌కు వెళితే 417 ఇంకా మేకుకే ఉంది. ల్యాంప్ రూమ్ చూసే బుచ్చన్న దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. ఎవరి బిళ్ళ వాళ్లే తీసుకోవాలె, తీస్కో అన్నాడు. ఆ తర్వాత గనిలోకి దిగకుండా పైపని. మొదట దీపాలు, తర్వాత రిజిస్టర్లు. రిజిస్టర్లు కంప్యూటర్‌లోకి మారినప్పుడు ఆ గదిలో కూర్చోవడానికి ఎవరూ రాలేదు. జిరాక్స్ పుస్తకం ఒక పక్క, డిక్షనరీ ఒక పక్క పెట్టుకుని ఆయనే నేర్చుకున్నాడు.

నెలాఖరుకు రిటైర్మెంటు. ఆఫీసర్ అనంతరామ్ సారు మాట దాచలేదు. ఒంటి చేత్తో చూసుకునే మనిషి ఉంటే సర్వర్ ఇక్కడే ఉంటుంది. లేకుంటే హెడ్డాఫీసుకు పోతుంది, రాజకుమారి మళ్లీ బొగ్గు జల్లించే షెడ్డుకు పోతుంది. భర్త సంపత్ చనిపోయాక ఆమెకు వచ్చిన ఉద్యోగం అది. అక్కడ రెండేళ్లు చేసింది. ఆ రెండేళ్ల దగ్గు ఇంకా పూర్తిగా పోలేదు. రేపు పదింటికి సారు వచ్చి చూస్తాడు. అందుకే ఇవాళ కీబోర్డు ఆమె ముందుంది. రఘుపతి తన కుర్చీని తలుపు దగ్గరికి జరుపుకున్నాడు. చేయి చాచినా కీబోర్డు అందదు.

సర్వర్‌ను నడిపించే అపాచీ అనే సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌కు ఇక మరమ్మతులు రావని ఆ ఏడాది మొదట్లోనే ప్రకటన వచ్చింది. దాని బదులు కొత్తది పెట్టడమే ఇవాళ్టి పని. రాజకుమారి ముందు సెట్టింగులూ పేజీలూ వేరే మెషీన్‌లోకి కాపీ తీసింది. తీసినవ్ సరే, తెరిచి చూసినవా అని అడిగాడు. తెరిచి చూసింది. పాతదాన్ని ముట్టకుండా కొత్తదాన్ని వేరే డైరెక్టరీలో పెట్టింది. మొదలుపెట్టే ముందు సెట్టింగుల పరీక్ష నడపబోయి, ఇది అవసరమా అన్నట్టు ఆయన వైపు చూసింది.

“పైకప్పు కొట్టి ఇనకుండ బండ కింద నిలబడ్తమా?” అన్నాడు రఘుపతి.

పరీక్షలో రెండు తప్పులు తేలాయి. ఒకటి దిద్ది, మళ్లీ పరీక్షించి, అప్పుడు రెండోది దిద్దింది. ఒక్కసారికి ఒక్కటే మార్చాలన్నది ఆయన నియమం. మార్చినదాన్ని టైముతో సహా నోట్‌బుక్కులో రాసింది.

రఘుపతి భార్య పూలమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు డబ్బాలోనే ఉన్నాయి. ఆయన ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు.

“ఏసీల చెమటలేంది కాక? దవాఖానకు పోదామా?”

“పొద్దున తిన్నది అరగలే. పనయినంక పోత. నువ్వు నాదిక్కు చూడకు.”

పన్నెండు దాటాక కొత్త సర్వర్ లేచింది. ఇంగ్లీషులో ఉన్న మొదటి పేజీ వచ్చింది. రాజకుమారి బిళ్ళల వైపు చేయి చాచింది. రఘుపతి తల అడ్డంగా ఊపాడు.

“అది ఎవలు చూస్తరు బిడ్డ? గనిల మనిషి ఏం తెరుస్తడో అది తెరువు.”

నోటీసుల పేజీ తెరిచింది. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. వాటి చోట ఏవో గుర్తులు, మీద టోపీలు పెట్టిన ఇంగ్లీషు అక్షరాలు.

“కాక, అంత ఖరాబయింది.”

సెట్టింగుల్లో ఏ వరస అలా చేస్తుందో రఘుపతికి తెలుసు. పోయిన నెల ఇంకో మెషీన్ మీద చూసుకున్నప్పుడు ఆయనకూ ఇదే ఎదురైంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇవాళ చెబితే రేపు సారు ముందు ఆమె మళ్లీ తలుపు వైపే చూస్తుంది.

“పాతది యాడికి పోలే. ఒక్క వరస కొడ్తే లేస్తది. ఫికర్ పడకు. పాత సెట్టింగులు, కొత్తయి పక్కపక్కన పెట్టి చూడు.”

కళ్లు మూసుకున్నాడు. గనిలో బండ గట్టిగా ఉందో లేదో తెలియడానికి కర్రతో పైకప్పు కొట్టి మోత వినేవాడు. ఇప్పుడు కీబోర్డు వింటున్నాడు. కిందికి, కిందికి. ఆగింది. పైకి కొంచెం. చాలాసేపు ఏమీ లేదు. దగ్గింది. మళ్లీ కిందికి. పేజీలన్నిటినీ ఇంగ్లీషు అక్షరాలుగా చూపించమనే వరస కొత్త సెట్టింగుల్లో ఉంది, పాతవాటిలో లేదు. ఒక్క మీట నొక్కిన చప్పుడు. ఆ వరస ముందు # గీతల గుర్తు పెట్టి, సర్వర్ దాన్ని చదవకుండా ఆపినట్టుంది. పరీక్ష. ఎంటర్.

“ఊఁ,” అన్నాడు.

రాజకుమారి పేజీ మళ్లీ తెరిచింది. సోమవారం మొదటి షిఫ్టు నోటీసు తెలుగులో ఉంది. మిగతా నాలుగూ ఒక్కొక్కటే తెరిచి చూసింది. లేచి బిళ్ళలు పై వరసకు ఎక్కించింది. నోట్‌బుక్కులో ఒంటిగంటా పది అని రాసింది.

“అయిపోయింది కాక. ఇగ నీది తీస్కో.”

తిరిగి చూసింది. ఆయన తల తలుపుకు ఆని ఉంది. చేయి ఒళ్ళో వెల్లకిలా ఉంది. పిలిచింది. మళ్లీ పిలిచింది. వాచ్‌మన్‌ను కేకేసింది.

సోమవారం పదింటికి అనంతరామ్ సారు వచ్చాడు. కుర్చీ ఉన్నా కూర్చోలేదు. రాజకుమారి నోటీసుల పేజీ తెరిచింది. కొత్త సర్వర్ మీద ఆమె పెట్టిన మొదటి నోటీసు రఘుపతి చావు కబురు. పేరు, వయసు, పనిచేసిన గనులు, అంత్యక్రియల సమయం. సారు చివరిదాకా చదివాడు. ఎవరు చేశారని అడగలేదు. ఫైలులో ఆ గది ఎదురుగా రాజకుమారి పేరు రాసి, సంతకం చేసి వెళ్లాడు.

ఊడ్చే మల్లక్క పలక తుడుస్తూ కింద మిగిలిన బిళ్ళ మీద చేయి వేసింది.

“ఉండనియ్యి అక్క,” అంది రాజకుమారి. “ఎవరిది వాళ్లే తీస్కోవాలె.”

మల్లక్క చేయి తీసేసింది. పై వరసలో ఐదు కదలకుండా ఉన్నాయి. కింది వరసలో ఆరో మేకుకు 417 ఊగుతోంది.