టవరు వైపు మంచం

హిందీ ఊళ్లో తెలుగువాళ్లుండే పేట ఖుర్సీపార్‌లో ఒక ఇంటి ముందు స్కూటీ ఆపేసరికే జ్యోత్స్నకు ఆలస్యమైపోయింది. ఆమె ఒక మొబైల్ నెట్ కంపెనీలో పనిచేస్తుంది. ఫిర్యాదు వచ్చిన ఇంటికల్లా వెళ్లి నెట్ వేగం పరీక్షించడం ఆమె పని. ఇది కాక ఇంకా రెండు ఫిర్యాదులున్నాయి, రెండూ ఫ్యాక్టరీలుండే హథ్‌ఖోజ్ వైపే. ఎక్కడున్నావంటూ ఆఫీసు నుంచి ఫోను మీద ఫోను.

తలుపు తీసినావిడ పేరు అప్పలనర్సమ్మ. ఫిర్యాదు ఇచ్చింది ఆవిడ భర్త రాజాబాబు. నెట్ చూడ్డానికి వచ్చానని జ్యోత్స్న చెప్పగానే ఆవిడ బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. వీధి చివర మేడ మీద కొత్తగా లేచిన టవరును చూపించింది. అది వచ్చినప్పటినుంచీ మొగుడికి నిద్ర లేదంది. ఆయన హథ్‌ఖోజ్‌లో ఒక షెడ్డులో క్రేన్ నడుపుతాడు. టవరు లేచిన వారంలోనే జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. లోపల ప్లేట్లు వేశారు. ఎముక అతుక్కుంటోంది గాని, మనిషి మాత్రం రాత్రీ పగలూ మంచం మీద పొర్లుతూనే ఉన్నాడు. టవరు గాలి తగలకుండా ఆయన మంచాన్ని వెనక సామాన్ల గదిలో వేసింది. అక్కడ నెట్ రాదని ఆయన గోల.

"ఏ గదిలోనూ రాదని సెప్పీ అమ్మా," అంది గొంతు తగ్గించి. "మిసను సూసి సెప్పినట్టు సెప్పు. నమ్ముతాడు."

జ్యోత్స్న లోపలికి నడిచింది. ముందు గదిలో కిటికీ దగ్గర ఫోను పెట్టి పరీక్ష నొక్కితే అంకె చకచకా పైకి పోయింది. వెనక గదిలో ముల్లు కదల్లేదు. రెండోసారి నొక్కితే పరీక్షే ఆగిపోయింది. బియ్యం బస్తాల మధ్య మంచం మీద కూర్చున్న రాజాబాబు ఆమె మొహం చూడలేదు, చేతిలో ఫోనే చూస్తున్నాడు. రెండుసార్లు టైమెంతయిందని అడిగాడు.

ఆవిడ చెప్పమన్న మాట చెప్పేస్తే ఫిర్యాదు అక్కడితో ముగిసిపోతుంది, రోడ్డెక్కొచ్చు. ఆ ఆలోచన వచ్చింది జ్యోత్స్నకు. కాని ఆయన చూపు చూశాక నోరు రాలేదు. ముందు గదిలో నెట్ బాగుందనీ, ఇక్కడ అసలు లేదనీ చెప్పేసింది. అప్పలనర్సమ్మ మొహం మాడ్చుకుంది.

"సిగ్నల్ తక్కువుంటే ఫోనే ఇంకా జోర్‌గా పనిచెయ్యాలి ఆంటీ," అంది జ్యోత్స్న. "మంచం ఇక్కడ వేస్తే ఉల్టా అవుతుంది. ఆ జోరంతా ఆయన చెవి దగ్గరే."

"అయితే ఆ ఫోనే వొద్దు," అంటూ అప్పలనర్సమ్మ మొగుడి చేతిలోంచి ఫోను లాగేసుకుంది.

రాజాబాబు గోడ పట్టుకుని లేవబోయాడు. కాలు నిలవలేదు, మళ్లీ మంచం మీద కూలబడ్డాడు.

"ఫోనియ్యి నర్సమ్మా. ఉమేష్ దిగే టైమయింది."

దిగడమేమిటని అడిగిందావిడ. అప్పుడు చెప్పాడు, నేల చూపులు చూస్తూ. తను జారిపడలేదు. క్రేన్ ఎక్కే నిచ్చెన మెట్టు ఊడిపోయింది. తెలిస్తే మళ్లీ ఆ పనికి పోనివ్వదని దాచాడు. ఆ మెట్టును షెడ్డువాళ్లు తీగతో కట్టి ఊరుకున్నారు. ఇప్పుడు ఆ క్రేన్ మీద ఉమేష్ ఉన్నాడు. డ్యూటీ దిగగానే అతను వీడియో కాల్ చేసేవాడు. కాళ్లు నేల మీద ఉన్నాయని కళ్లారా చూస్తే గాని ఈయనకు మనసు నిలిచేది కాదు. ఈ గదిలోకి వచ్చాక మామూలు కాల్ కూడా కలవడం లేదు.

"కళ్లు మూస్తే ఆ మెట్టే కనపడతాది," అన్నాడు.

ఆ కాల్స్‌ను ఇన్నాళ్లూ కబుర్లనుకుంది అప్పలనర్సమ్మ. ఫోను మొగుడి చేతిలో పెట్టి, అతన్ని కుర్చీలోకి మార్చింది. మంచం ఒక కొస పట్టుకుని జ్యోత్స్న వైపు చూసింది. ఇద్దరూ కలిసి దాన్ని ముందు గదిలో, కిటికీ పక్కన వేశారు.

కాల్ వెంటనే రాలేదు. రాజాబాబు ఫోను తీస్తాడు, పెడతాడు, మళ్లీ తీస్తాడు. అప్పలనర్సమ్మ తుడిచిన చోటే తుడుస్తోంది. ఆఫీసు నుంచి వచ్చిన ఫోన్లను జ్యోత్స్న కట్ చేసింది. వెళ్లిపోవాలి, కాని వెళ్లలేకపోయింది.

చివరికి ఉమేష్ మొహం కనబడింది. దిగేశానన్నాడు హిందీలో, ఇన్నాళ్లూ ఏమైపోయావు దాదా అని అడిగాడు. రాజాబాబు ఏదో అనేలోపు అప్పలనర్సమ్మ ఫోను అందుకుని మెట్టు బాగుచేశారా అని అడిగింది. అతను నవ్వి పక్కకు చూశాడు. ఇప్పుడు రెండు మెట్లు తీగ మీదే ఉన్నాయన్నాడు. చేతిలో ఉన్న ఆర్డరు అయ్యాక చూద్దామన్నాడట షెడ్డు ఓనరు సేఠ్.

ఆవిడ ఫోను మొగుడికిచ్చి చెప్పులేసుకుంది. జ్యోత్స్నను హథ్‌ఖోజ్ దాకా దింపమంది.

"నువ్వెల్లి ఏటి సేస్తావు?" అన్నాడు రాజాబాబు.

"నాకేటి తెలుసు. ఇక్కడ కూకోలేను."

షెడ్డులో సూపర్‌వైజర్ బలరాం రేపు చూస్తామన్నాడు. అప్పలనర్సమ్మ వాదించలేదు. వెళ్లి నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుంది. అప్పుడే డ్యూటీకొచ్చిన రెండో షిఫ్టు ఆపరేటర్‌కు పైకెక్కడానికి దారి లేదు. క్రేన్ ఆగింది, ఇనప ప్లేట్లు ఎక్కించుకోవలసిన లారీ హారన్ కొడుతూ నిలబడింది. బలరాం బతిమాలాడు, కసిరాడు, సేఠ్‌కి ఫోన్ చేశాడు. గేటు దగ్గర జ్యోత్స్న స్కూటీ తాళం తిప్పుతూ అటూ ఇటూ తిరిగింది. ఆఖరికి వెల్డర్ వచ్చాడు. మెట్లు అతికించాక కూడా ఆవిడ కదల్లేదు.

"పహలే ఆప్ చఢియే," అంది బలరాంతో, ముందు మీరెక్కండని.

అతను ఎక్కాడు, ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగాడు. అప్పుడు లేచింది.

జ్యోత్స్న వెళ్లేసరికి తర్వాతి ఫిర్యాదు ఇంటికి తాళం వేసుంది. ఆఫీసులో మాటలు పడింది. వారం తర్వాత రాజాబాబు ఫిర్యాదు ముగించడానికి ఫోన్ చేస్తే అప్పలనర్సమ్మ ఎత్తింది. నెట్ బాగుందంది. మెట్లు అతికించిన రాత్రి ఆయన బాగా నిద్రపోయాడట, తర్వాత మళ్లీ కొంచెం కొంచెంగానే. కాలు నయమయ్యాక ఆ క్రేనే ఎక్కుతానంటున్నాడట.

"ఎల్లనిస్తానేటి," అందావిడ. వెనకనుంచి రాజాబాబు ఏదో అన్నాడు. ఆవిడ ఫోను పక్కన పెట్టి అతనికి జవాబు చెప్పడం మొదలెట్టింది. ఇద్దరి గొంతులూ స్పష్టంగా, ఎక్కడా తెగకుండా వినిపిస్తున్నాయి. జ్యోత్స్న కాసేపు విని, నెమ్మదిగా పెట్టేసింది.