ఎదురుకాళ్ల పోశాలు తన్ను

పోశాలు తల్లి కడుపులోంచి ఎదురుకాళ్లతో బయటపడ్డాడు. అందులో అతని గొప్పేమీ లేదు, కష్టమంతా తల్లిదే. అయినా ఆ పేరు మీద ఇన్నేళ్లుగా వెలిగిపోతున్నది మాత్రం పోశాలే. ఎదురుకాళ్లతో పుట్టినవాడు తంతే పట్టిన నడుము వదులుతుందని తొర్రూరు చుట్టుపక్కల అందరి నమ్మకం. ఆదివారం తెల్లారేసరికి జనం నడుములు పట్టుకుని వచ్చి అతని వాకిట్లో బోర్లా పడుకునేవారు. పోశాలు ఎడమకాలు కడుక్కుని, మీసం సవరించుకుని, మూడు తన్నులు తన్నేవాడు. "తగ్గింది బాపూ" అంటూ వాళ్లు వంగి వంగి వెళ్లిపోయేవారు. పైసా ముట్టేవాడు కాదు. ఊళ్లో ఎక్కడికి వెళ్లినా లేచి కుర్చీ ఇచ్చేవారు, అతనికి అదే చాలు.

అలాంటి పోశాలు ఒకనాడు యూరియా బస్తా ఎత్తబోయి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. పోశాలుకు ఇప్పుడు కావలసింది నడుము తన్నేవాడు. తన కాలు తన నడుముకు అందదు కదా! అందించబోయి మంచం మీంచి కింద పడ్డాడు కూడా. ఆ చుట్టుపట్ల ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి ఇంకొక్కతే ఉంది, పక్క ఊరి గట్టమ్మ.

"పోయి గట్టమ్మతోటి తన్నిచ్చుకోరాదు," అంది భార్య మంగమ్మ.

"సస్త గని, దాని కాలు నా నడుముకు తగలనియ్య! ఏడూళ్లల్ల చాటింపేస్తది. ఇగ నా ఇజ్జతేం గావాలె?"

ఆ భయం ఉత్తది కాదు. పోశాలు తన్నులో పస లేదని గట్టమ్మా, గట్టమ్మ తంతే ఉన్న నడుము ఊడుతుందని పోశాలూ ముప్ఫై ఏళ్లుగా ఊరూరా చెప్పుకుంటున్నారు. చివరికి అతను తలకు తువ్వాల చుట్టుకుని, ఎవరి కంటా పడకుండా జనగామ బస్సెక్కాడు. కూర్చుంటే మళ్లీ లేవలేనని దారంతా నిలబడే ఉన్నాడు.

జనగామలో ఫిజియోథెరపీ చేసే రేణుకకు అతని కూతురి వయసుంటుంది. చాప మీద పడుకోమనగానే పోశాలు బోర్లా పడి, పళ్లు బిగించి, కళ్లు మూసుకున్నాడు.

"ఎప్పుడు తంతవు బిడ్డా?"

"తన్నుడేంది బాపూ? ఎల్లెలుకల పండు," అంటూ రేణుక అతన్ని వెల్లకిలా తిప్పింది. "మోకాళ్లు మడువు. ఇగ నడుము పైకి లేపు."

"లేస్తే నీ దాక ఎందుకొస్త?" అని గొణుగుతూనే పోశాలు నడుమెత్తాడు. బెత్తెడు లేచింది. తల పక్కకు తిప్పితే పక్క చాప మీద పాపయ్య నడుము లేచి ఉంది. పోయిన ఆదివారమే తాను తన్నిన నడుము! దానికవతల ఇంకో నడుము, అన్నిటికన్నా ఎత్తున. అది గట్టమ్మది.

మూడు నడుములూ గాలిలోనే ఉండిపోయాయి. దించితే మాట్లాడాల్సి వస్తుందని ఎవరూ దించలేదు. రేణుక మాత్రం మురిసిపోయి "శెభాష్!" అంది.

"నా తన్నుతోటి తగ్గిందంటివి గదరా పాపిగా?" నడుము దించకుండానే అడిగాడు పోశాలు.

"తగ్గలేదంటె నువ్వు బాధపడుతవని..." పాపయ్య మొహం అటు తిప్పుకున్నాడు.

నడుము నొప్పి కన్నా ఆ మాటే పోశాలుకు ఎక్కువ నొప్పి పెట్టింది. ఇన్నేళ్లలో ఎంతమంది తన మొహం చూసి "తగ్గింది" అన్నారో! అప్పుడు గట్టమ్మ ఆయాసపడుతూ అంది: "పోశాలన్నా, నేను నిన్ను సూడలే, నువ్వు నన్ను సూడలే."

"ఇంటికాడ దినాం గిట్లనే లేపాలె. నడుముల మీద తన్నుడు బందు," అంది రేణుక.

పోశాలు పట్టుదలగల మనిషి. కోడి కూయకముందే నడుమెత్తేవాడు. కొన్ని వారాలకు నొప్పి వదిలింది. ఆదివారం తన్నుల కోసం వచ్చినవాళ్లను ఇప్పుడు వెల్లకిలా తిప్పి నడుములు ఎత్తిస్తున్నాడు. ఆఖరున పేరుకు బొటనవేలు ఆనించి తీసేస్తాడు, అంతే.

ఒక ఆదివారం గట్టమ్మ కొంగు కప్పుకుని వచ్చింది.

"ఎక్సర్‌సైజులు ఇడిసిపెట్టిన. మళ్ల పట్టింది. జర తన్నరాదే అన్నా!" అని బోర్లా పడుకుంది.

ముప్ఫై ఏళ్ల ముచ్చట! పోశాలు ఎడమకాలు తనంతట తానే పైకి లేచింది. కానీ ఏం లాభం, రేణుక మాట గుర్తొచ్చింది. ఏడుపు మింగుకుని బొటనవేలు ఆనించి తీసేశాడు.

"గింతేనా?"

"గింతే. ఇగ తిరిగి నడుము లేపు."

గట్టమ్మ తిరిగి నడుమెత్తింది, దించింది, లేచి కొంగు బిగించింది. "మంచిగయింది. ఇగ నువ్వు పండు. ఎన్నడు ఎవ్వలు తన్నని నడుమాయె, పాపం."

ఆమె కూడా వేలే ఆనిస్తుందనుకుని పోశాలు నమ్మకంగా పడుకున్నాడు. గట్టమ్మ లెక్కలో బొటనవేలు ఆనించడం తన్నే కాదు. ఆమెకు తెలిసింది తన్నడమే, మనసారా తన్నింది.

సోమవారం జనగామ బస్సులో పోశాలు మళ్లీ నిలబడే ఉన్నాడు. పక్కనే సీట్లో గట్టమ్మ.

"ఏం పోశాలన్నా, సీట్లున్నయి గద! నడుము గిట్ల పట్టిందా ఏంది?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. బస్సంతా అటే చూసింది. పోశాలు తువ్వాల మొహం మీదికి లాక్కున్నాడు.

"నాదే పట్టింది," అంది గట్టమ్మ గట్టిగా. "అన్న తంతేనే గీ మాత్రం కూసున్న. దవాఖానకు తోడొస్తుండు, పాపం."