అన్ని పనులూ చేయవచ్చు

పోగొట్టుకున్న వస్తువుల గదిలో ఆమె గొడుగులు తుడుస్తోంది. బస్టాండులో జనం ఏమేం మరిచిపోతారో ఆ గదికే తెలుసు. టిఫిన్ డబ్బాలు, కళ్ళజోళ్ళు, ఒకసారైతే ఏకంగా పెట్టుడు పళ్ళు. ఇరవై రెండేళ్ళు ఇదే బస్టాండులో మరుగుదొడ్లు కడిగిన మనిషికి పెట్టుడు పళ్ళొక లెక్కా!

కుడిచెయ్యి మొరాయించబట్టి ఈ కుర్చీ దక్కింది. బ్రష్షు పట్టి నాలుగుసార్లు రుద్దేసరికి చెయ్యి చల్లబడి, వేళ్ళు పాలిపోయేవి. భుజం దగ్గర రక్తనాళం ఇరుకైందన్నారు పెద్దాసుపత్రిలో. పెద్ద కోతలేం లేకుండా, మణికట్టు దగ్గర సన్నటి తీగ దూర్చి, ఇరుకైన చోట బుడగ ఊదించి, చిన్న జాలీ గొట్టం పెట్టారు. మూడు నెలలు బరువు పనులు వద్దని కాగితం రాసిచ్చారు.

ఆమె మనవరాలికి నాలుగేళ్ళు. ఈ గదికి మారకముందు అమ్మమ్మ ముద్ద కలిపి నోటికందిస్తే మూతి తిప్పుకునేది. "నీ చెయ్యి కంపు." ఎన్ని సబ్బులు అరగదీసినా ఫినాయిలు వాసనా, దాని అడుగున ఉన్న వాసనా పోయేవి కావు. పిల్లనని ఏం లాభం, ఆ చేత్తో తినాలంటే ఆమెకే సయించేది కాదు. ఈ మూడు నెలలుగా మాత్రం ఆ పిల్ల ఆమె చేతి ముద్ద తప్ప ఇంకెవరు పెట్టినా తినడం లేదు.

ఇవాళే చెకప్పు. "ఇంకా నొప్పుందని చెప్పమ్మా, నీ సొమ్మేం పోయింది?" అని పొద్దున్నే కూతురు నూరిపోసింది.

"లాగుతోంది సార్," అంది ఆమె ఆసుపత్రిలో, నేల చూపులు చూస్తూ.

డాక్టరు రెండు చేతులకీ బీపీ చూశాడు. తేడా లేదు. నాడి పట్టుకుని మురిసిపోయాడు. "బ్రహ్మాండంగా ఉందమ్మా! అయినా లాగుతోందంటున్నావుగా, ఇంకోసారి తీగ వేసి చూద్దామా?"

"అబ్బే, ఇప్పుడే తగ్గింది సార్."

అబద్ధమాడటానికీ అలవాటుండాలి. డాక్టరు నవ్వి 'అన్ని పనులూ చేయవచ్చు' అని రాసి సంతకం గీకాడు. తన పని అంత చక్కగా కుదిరిందని ఆయన సంతోషం ఆయనది. ఆయన్ని తిట్టుకోవడానికి కూడా ఆమెకు నోరు రాలేదు.

మధ్యాహ్నం సూపర్‌వైజరు ఆ కాగితం చదివి తెగ సంబరపడ్డాడు. "చెయ్యి వచ్చేసిందిగా అక్కా! మూడో నంబరు దొడ్డి మూడు రోజులుగా పొంగుతోంది. ముట్టుకునే నాథుడే లేడు."

"నన్ను ఆ గదిలోనే ఉండనివ్వండి బాబూ."

"బాగున్న చేతిని కుర్చీలో కూర్చోబెడితే పైవాళ్ళు నన్ను తంతారు," అంటూ రబ్బరు తొడుగుల జత చేతిలో పెట్టాడు.

తొడుగులు వేసుకుని మూడో నంబరు తలుపు తోసింది. మురుగు గుమ్మం దాకా వచ్చింది. పైన సిగరెట్ పీకలు, నానిన కాగితాలు, వాటి మధ్య పేరు చెప్పక్కర్లేనిది. ఈగలు లేచి వచ్చి ఆమె పెదవుల మీద వాలాయి. చెంబుడు నీళ్ళు పోయడానికి బద్ధకించే పెద్దమనుషులందరి మీదా ఆమెకు రోత పుట్టింది. ఊపిరి బిగబట్టి, కుడిచెయ్యి మోచేతి దాకా దించింది.

చెయ్యి నొప్పెట్టలేదు. తిమ్మిరెక్కలేదు. ఏది మెత్తగా ఉందో, ఏది జారుతోందో, ఏది వేలికి చుట్టుకుందో అన్నీ తెలుస్తున్నాయి. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ తెలియలేదు.

చెయ్యి లాగేసుకుంది. వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తి భళ్ళున కక్కుకుంది. తొడుగులు ఊడబెరికి, చేతులు కడుక్కుని, బయటికి నడిచింది.

"ఎక్కడికక్కా? ఇప్పుడు పోతే మళ్ళీ రానివ్వను!"

"పిల్లకి అన్నం పెట్టాలి," అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే.

కుళాయి కారుతూనే ఉంది. దాని కింద పడి ఉన్న కుడిచేతి తొడుగులోకి చుక్క చుక్కగా నీళ్ళు దిగి, వేళ్ళు ఒక్కొక్కటే ఉబ్బుతున్నాయి.