ఇంటిపన్ను మాట

ఆ ఏడు సర్పంచి పదవి ఆడోళ్లకొచ్చింది. ఇంటిపన్ను ఎత్తేస్తానని పద్మావతమ్మ ఊరంతా చెప్పుకుంటూ పోయింది. ఆమె మీద పోటీకి నిలబడిన ఉమాదేవికి ఆ అబద్ధం నోట రాలేదు. "పన్ను కడితేనే కాలిపోయిన బోరు మోటారు బాగైతాది తిప్పయ్యన్నా," అంది ఎదురింటాయనతో.

తిప్పయ్య అరుగు మీది నుంచి లేవలేదు. "నువ్వు చెప్పేది నిజమేమ్మా. రెండేండ్లుగా శెనక్కాయ ఎండిపాయ. ఎవరన్నా పన్ను లేదంటే చెవికి చల్లగా ఉండాది."

ఉమాదేవి ముప్పై ఓట్ల తేడాతో ఓడింది. మరునాడు బిందె తీసుకుని మైలు దూరంలోని తోటబావికి నడిచింది. తిప్పయ్య భార్య గంగక్క పక్కన చేరి, "నేను నీకే వేసినా," అంది మెల్లగా.

ఉమాదేవికి సంతోషించే ఓపిక కూడా లేకపోయింది. "పద వదినా, ఎండ ముదరకముందే పోదాం," అంది.