ఇచ్చిన జాబితా ఏమైంది?

ఆ పిల్లను ఇంట్లో అందరూ వసపిట్ట అనేవారు. ఆఫీసు గుమ్మం తొక్కిందంటే మాత్రం నోట్లో నాలుక లేనట్టే ఉండేది. కంప్యూటర్ భాషలో ఒక్కో ఫంక్షన్ ఒక్కో పని చేస్తుంది కదా, దాని లోపలి కోడ్ చదివి, వాడుకునేవాళ్లకు అర్థమయ్యేలా వివరణ రాయడం ఆమె ఉద్యోగం. ఆరు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఆ గడువు రేపటితో సరి. చివరి పేజీ కూడా పెద్దసారు చూసి సరేనన్నారు.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. పేజీ బయటికి వెళ్లేముందు, ఆ పని బొత్తిగా తెలియనివాళ్లకు ఒకసారి చదివి వినిపించాలి. వసపిట్టకు దొరికేది అమ్మమ్మే. ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకు గుండీ కుడుతోంది.

"ఈ ఫంక్షన్‌కు జాబితా ఇస్తే, రెండోసారి వచ్చినవి తీసేసి కొత్త జాబితా ఇస్తుంది. అంతే అమ్మమ్మా."

"నా గుండీల డబ్బా ఇస్తే ఒకేలాంటివి ఏరేస్తుందన్నమాట. మరి నా డబ్బా నాకు నిండుగానే ఉంటుందా, దాన్నే ఖాళీ చేస్తుందా?"

"నీదెందుకు ముట్టుకుంటుంది? కొత్తది ఇస్తుందంటున్నానుగా."

"నువ్వు చూశావా?"

చూడలేదు. కోడ్ పైన ఎవరో రాసిపెట్టిన రెండు ముక్కలే నమ్మి, కిందిదంతా పైపైన చదివేసింది. ఇప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి, వేలు పెట్టి వరుస వరుసా చదివింది. కొత్త జాబితా ఊసే లేదు. ఇచ్చినదాన్నే కోసేస్తోంది.

"ఇప్పుడు చెబితే నన్ను ఇంటికి పంపేస్తారు అమ్మమ్మా."

"చెప్పకపోతే ఎవరి డబ్బానో ఖాళీ అవుతుంది." అమ్మమ్మ దారం కొరికింది. "నీ ఇష్టం తల్లీ."

మర్నాడు పొద్దున్నే వసపిట్ట పెద్దసారు బల్ల ముందు నిలబడింది. "సార్, నా పేజీ తప్పు. పైన రాసింది చూసి రాసేశాను, కోడ్ సరిగ్గా చదవలేదు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ పైన రాసింది నేనే. తర్వాత కోడ్ మార్చాను, రాసింది మార్చలేదు. తొమ్మిదేళ్లయింది. జాబితా పోయిందని ఎవరు మొత్తుకున్నా, వాడటం చేతకాలేదని కసిరేవాణ్ణి." పక్కనున్న కుర్చీ లాగారు. "కూర్చో. ఏమని రాద్దాం?"

"మీరిచ్చిన జాబితానే మారుస్తుంది, పాతది కావాలంటే ముందే నకలు తీసుకోండి అని."

"రాయి. నేను రాసినవి ఇంకా నలభై ఉన్నాయి. అవీ నువ్వే చూడాలి."

"ఇవాళ్టితో నా గడువు అయిపోతుంది సార్."

"నలభైకి ఏడాదైనా పట్టదూ?" అన్నారాయన. "ఇంతకీ ఈ పేజీ ఎవరికి వినిపించావు?"

"మా అమ్మమ్మకు సార్."

"మిగతావి కూడా ఆవిడకే వినిపించు."